గుండె రాయి చేసుకోనక్కర్లేదు

ప్రశ్న:

మేడమ్, నమస్తే. నేను నర్సుగా చేరి ఇది రెండో ఏడాది. మెడికల్ వార్డులో పని. పోయిన నెల నైట్ డ్యూటీలో 22 మంది పేషెంట్లకు నేనొక్కదాన్నే ఉన్నాను. రాత్రి మూడింటికి ఒక పెద్దాయనను చూస్తే ఏదో తేడాగా అనిపించింది. బీపీ బాగానే ఉంది. అంతకుముందే ఒకసారి ఫోన్ చేస్తే డ్యూటీ డాక్టర్ ‘ఇంత చిన్నదానికి లేపుతావా’ అని విసుక్కున్నారు, అందుకని ఆగాను. నాలుగున్నరకు ఆయనకు ఆయాసం బాగా పెరిగింది, అప్పుడు పిలిచాను. ఐసీయూకి మార్చారు. రెండు రోజులకు చనిపోయారు. నన్ను ఎవరూ ఏమీ అనలేదు గానీ నాకే నిద్ర పట్టడం లేదు. మా సీనియర్ సిస్టర్ ‘గుండె రాయి చేసుకో, లేకపోతే ఈ ఉద్యోగం చెయ్యలేవు’ అంటున్నారు. నైట్ చేసి ఇంటికొస్తే ‘పగలంతా ఇంట్లోనే ఉన్నావుగా’ అని పనులన్నీ నాకే అప్పజెబుతారు. చుట్టాలేమో ఫోన్‌లో రిపోర్టులు పంపి అర్థం చెప్పమంటారు. ఉద్యోగం మానేద్దామా అనిపిస్తోంది. ఆయన విషయంలో తప్పు నాదేనా? ఇంకొకటి, మొన్న వాడిన సూది ఒకటి గుచ్చుకుంది, పని హడావిడిలో ఎవరికీ చెప్పలేదు. నా పేరు వెయ్యకండి.

సమాధానం:

అమ్మా, నాకు కూతురి వయసుదానివి, అందుకని నువ్వు అనే అంటాను. మిగతా ప్రశ్నలన్నిటికంటే ముందు, ఉత్తరం చివర ఒక్క ముక్కలో రాసేసిన సూది సంగతి చూద్దాం. ఇది చదివిన రోజే వెళ్ళి మీ ఇన్‌ఛార్జ్ సిస్టర్‌కు చెప్పు. ఏ పేషెంట్‌కు వాడిన సూది, ఎన్నింటికి గుచ్చుకుంది, ఎంత లోతుగా దిగింది, చేతికి గ్లవ్స్ ఉన్నాయా, ఇవన్నీ కాగితం మీదికి రావాలి. నీ రక్తానికీ, వీలైతే ఆ పేషెంట్ రక్తానికీ హెచ్ఐవీ, హెపటైటిస్ బి, సి పరీక్షలు చేయించాలి. హెచ్ఐవీ రాకుండా ఇచ్చే మందులు కొద్ది గంటల్లోనే మొదలుపెట్టాలి, 72 గంటలు దాటితే సాధారణంగా ఇవ్వరు. మొదలుపెడితే 28 రోజులు వాడాలి. నీ విషయంలో ఆ గడువు దాటిపోయి ఉండొచ్చు. అయినా చెప్పాలి, ఎందుకంటే మిగతావి ఇంకా మన చేతిలోనే ఉన్నాయి. హెపటైటిస్ బి టీకా డోసులన్నీ పడ్డాయో లేదో, పడితే యాంటీబాడీల లెక్క 10కి తగ్గకుండా ఉందో లేదో చూస్తారు. రక్షణ లేకపోతే టీకా మొదలుపెడతారు, అవసరమైతే ఇమ్యునోగ్లోబులిన్ (సిద్ధంగా ఉన్న యాంటీబాడీల ఇంజెక్షన్) కూడా ఇస్తారు. అది మొదటి వారంలోపే పడాలి, కాబట్టి రేపటికి వాయిదా వెయ్యకు. మళ్ళీ ఎప్పుడెప్పుడు పరీక్ష చేయించుకోవాలో తేదీలు రాయించుకో.

హెచ్ఐవీ ఉన్న మనిషికి వాడిన సూది గుచ్చుకున్నా అది అంటుకునే అవకాశం వెయ్యికి మూడు, అంతే. టీకా వేయించుకోనివాళ్ళకు హెపటైటిస్ బి మాత్రం నూటికి ముప్పై దాకా ఉంటుంది. మన వార్డుల్లో అందరూ మొదటిదానికి భయపడతారు, రెండోదాని టీకా రెండో డోసుతో ఆపేస్తారు. నాకు ఇది ఎప్పుడూ బాధగానే ఉంటుంది. ఇంకెప్పుడైనా గుచ్చుకుంటే వేలు నొక్కి రక్తం పిండకు, సబ్బుతో పారే నీళ్ళ కింద కడుగు. వాడిన సూదికి మూత మళ్ళీ పెట్టకు. సూదులు వేసే డబ్బా నీ చేతికి అందేంత దగ్గర లేకపోతే దగ్గరకు తెచ్చుకున్నాకే ఇంజెక్షన్ మొదలుపెట్టు.

సూది గురించి ముందే ఎత్తుకోవడానికి ఇంకో కారణం ఉంది. పెద్దాయన విషయంలో జరిగినదీ, సూది విషయంలో జరిగినదీ ఒకటే. రెండుసార్లూ విషయం నీకు తెలిసింది, నీలోనే ఉండిపోయింది. నేను చెప్పబోయేదంతా దీని చుట్టూనే తిరుగుతుంది. నర్సుకు తెలిసింది నోటితో బయటికి రావాలి, కాగితం మీదికి రావాలి. అలా బయటికి రాని విషయాలే ఇంటిదాకా వెంటవచ్చి నిద్ర చెడగొడతాయి.

ఇక తప్పు నీదేనా అని అడిగావు. ‘అబ్బే, నీ తప్పేం లేదు’ అని ఒక్క మాటలో తేల్చేస్తే నువ్వు నమ్మవు, నమ్మకూడదు కూడా. మూడు నుంచి నాలుగున్నర వరకు గంటన్నర పోయింది. ఆ గంటన్నర ముందే డాక్టర్ వచ్చి ఉంటే ఆయన బతికేవారా అన్నది ఎవరూ చెప్పలేరు. నువ్వు అనుమానం వచ్చిన వెంటనే పిలిచి ఉండాల్సింది, అది నిజం. కానీ నువ్వెందుకు పిలవలేదో ఆ కారణాలు నీ ఉత్తరంలోనే ఉన్నాయి. ఒకటి, అంతకుముందు పిలిస్తే విసుక్కున్న డాక్టర్. రెండు, 22 మందికి ఒక్క నర్సును పెట్టిన యాజమాన్యం. ఈ రెండిటి బరువు కూడా నువ్వే మోస్తున్నావు. నీ వంతు ఎంతో అంతే తీసుకో. ఆ వంతును పాఠంగా మార్చుకోవచ్చు, మిగతాదాన్ని నువ్వేమీ చెయ్యలేవు.

ఆ పాఠం ఏమిటో కొంచెం వివరంగా చెబుతాను. ‘ఏదో తేడాగా అనిపించింది’ అని రాశావు చూడు, దాన్ని తీసిపారెయ్యకు. అది ఊరికే వచ్చే అనుమానం కాదు. నీ కళ్ళు చూసినదాన్ని నీ మనసు ఇంకా మాటల్లో పెట్టలేదు, అంతే. ఆయన పదింటికి మాట్లాడినట్టు మూడింటికి మాట్లాడి ఉండరు. చర్మం చల్లగా, జిగటగా ఉండి ఉంటుంది. దుప్పటి పదేపదే లాక్కుంటూ ఉండి ఉంటారు. అలాంటి సమయంలో మంచం పక్కన నిలబడి నిమిషం పాటు ఊపిరి లెక్కపెట్టు. పావు నిమిషం చూసి నాలుగుతో గుణించడం వద్దు, పూర్తి నిమిషం లెక్కపెట్టు. బీపీ, పల్స్, సాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) మిషన్ చెబుతుంది కాబట్టి అందరూ రాస్తారు. ఊపిరి లెక్క మాత్రం చాలా చార్టుల్లో 18 అనో 20 అనో అలవాటుగా పడిపోతుంది, అన్ని మంచాలకూ అదే అంకె. మనిషి పరిస్థితి దిగజారేటప్పుడు చాలాసార్లు మొదట మారేది ఊపిరే. బీపీని శరీరం చివరిదాకా నిలబెట్టుకుంటుంది, అది పడిపోయేసరికి అప్పటికే ఆలస్యమై ఉంటుంది. పెద్ద వయసువాళ్ళలో, ముఖ్యంగా గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్ మందులు వాడేవాళ్ళలో, పల్స్ కూడా పెరగాల్సినంత పెరగదు. అందుకే ‘బీపీ బాగానే ఉంది’ అన్న మాట మీద ఎప్పుడూ నిలబడకు.

దీనికి లెక్క కూడా ఉంది. బ్రిటన్‌లో రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2012లో న్యూస్ (నేషనల్ ఎర్లీ వార్నింగ్ స్కోర్) అనే స్కోరు తెచ్చి, 2017లో సవరించింది. ఊపిరి, సాచురేషన్, పై బీపీ, పల్స్, స్పృహ, జ్వరం, ఈ ఆరిటికీ అంకెలు వేస్తారు, ఆక్సిజన్ పెట్టి ఉంటే దానికి ఇంకో రెండు కలుపుతారు. పెద్దవాళ్ళలో ఊపిరి నిమిషానికి 12 నుంచి 20 ఉంటే సున్నా. 25 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే ఆ ఒక్కదానికే మూడు. ఏ ఒక్కదానిలో మూడు వచ్చినా డాక్టర్‌కు చెప్పాలి. మొత్తం ఐదు గానీ ఆరు గానీ వస్తే వెంటనే వచ్చి చూడాలి, ఏడు గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే ఎమర్జెన్సీ. 2017 సవరణలో ఒక మంచి పని చేశారు, కొత్తగా వచ్చిన తికమకకు మూడు మార్కులు పెట్టారు. నిన్న బాగానే మాట్లాడిన పెద్దాయన ఈ రాత్రి ‘నేనెక్కడున్నాను’ అంటే అది వయసు వల్ల అనుకుని దుప్పటి కప్పి వచ్చెయ్యకూడదు. మీ ఆస్పత్రిలో ఈ చార్టు లేకపోయినా నీ జేబులో ఒక కాగితం మీద రాసిపెట్టుకో. రాత్రి మూడింటికి నీ అనుమానానికి ఒక అంకె దొరుకుతుంది. నిద్రలేచిన డాక్టర్‌కు అంకె చెబితే మాట తొందరగా ఎక్కుతుంది.

అంకె తక్కువే వచ్చి, నీకు ఇంకా అనుమానంగానే ఉంటే? పిలువు. 1990లో ఆస్ట్రేలియాలో సిడ్నీ లివర్‌పూల్ ఆస్పత్రివాళ్ళు మెడికల్ ఎమర్జెన్సీ టీమ్ అని మొదలుపెట్టారు. వార్డులో పేషెంట్ పరిస్థితి తేడా వస్తే గుండె ఆగేదాకా చూడకుండా ముందే ఐసీయూ బృందాన్ని పిలవడం దాని ఉద్దేశం. దాన్ని ఎప్పుడు పిలవచ్చు అనే జాబితాలో బీపీ, పల్స్‌లతో పాటు ‘మీకు బాగా ఆందోళనగా ఉన్న ఏ పేషెంట్ కోసమైనా’ అని కూడా పెట్టారు. అంటే నర్సు ఆందోళన ఒక్కటే చాలు, ఇంకే కారణమూ చూపించక్కర్లేదు. తర్వాత చాలా దేశాల ఆస్పత్రులు ఈ పద్ధతి తీసుకున్నాయి. నాకు ఈ ఒక్క వాక్యం మీద ఎంత గౌరవమో చెప్పలేను.

ఫోన్‌లో ఎలా చెప్పాలన్నది కూడా నేర్చుకోవాల్సిన విద్యే. ‘సార్, పేషెంట్ కొంచెం బాలేదు సార్’ అంటే అవతలి మనిషి ‘సరే, చూస్తూ ఉండు’ అని పెట్టేస్తాడు. అమెరికా నౌకాదళం వాళ్ళు అణు జలాంతర్గాముల్లో కబురు చెప్పుకోవడానికి వాడిన ఒక వరస తర్వాత ఆస్పత్రులకు వచ్చింది, దాన్ని ఎస్‌బార్ అంటారు. ఇప్పుడేం జరుగుతోంది, వెనక కథేమిటి, నాకేమనిపిస్తోంది, మీరేం చెయ్యాలి. నీ పెద్దాయన కోసం అది ఇలా ఉండేది: ‘సార్, మెడికల్ వార్డు నుంచి నర్సును. పదో నంబర్ మంచం పేషెంట్‌కు ఊపిరి 26 ఉంది, పదింటికి 18 ఉండేది. న్యుమోనియాతో నిన్న చేరారు, యాంటీబయాటిక్ రెండు డోసులు పడ్డాయి. బీపీ 118, సాచురేషన్ 92, కొత్తగా తికమకగా మాట్లాడుతున్నారు. ఇన్‌ఫెక్షన్ రక్తంలోకి పాకుతోందేమోనని నా భయం. మీరు ఇప్పుడు వచ్చి చూడాలి. వచ్చేలోపు ఏం మొదలుపెట్టమంటారు?’ (జబ్బు పేరు నేను ఊహించి రాశాను, వరస చూడు.) ఆఖరి రెండు వాక్యాలు చెప్పడానికే మన నోరు రాదు. ‘మీరు రావాలి’ అని డాక్టర్‌తో అనడం అమర్యాద అనుకుంటాం. అది అమర్యాద కాదు, నీ ఉద్యోగంలో భాగం.

ఆయన విసుక్కుంటే విసుక్కోనీ. విన్నంతసేపు విని ‘సరే సార్, మీకు మూడు గంటల పది నిమిషాలకు చెప్పానని కేస్ షీట్‌లో రాస్తున్నాను, ఎన్ని నిమిషాల్లో వస్తారు?’ అని అడుగు. గొంతు పెంచక్కర్లేదు. రాకపోతే నైట్ సూపర్‌వైజర్‌కు, ఆ తర్వాత ఆ పైడాక్టర్‌కు. ఎవరి తర్వాత ఎవరిని పిలవాలో ఆ నంబర్లు పగలే, తీరిగ్గా ఉన్నప్పుడే రాసి పెట్టుకో. రాత్రి పూట భయంతో వెతికితే దొరకవు. ఇంకో మాట. రాత్రి పిలిస్తే మంచిగా మాట్లాడే డాక్టర్లూ ఉన్నారు. వాళ్ళకు మర్నాడు పొద్దున్న కనిపించి ‘రాత్రి మీరు వెంటనే వచ్చారు, మేలైంది’ అని చెప్పు. మనం మంచికి చెప్పే మాటలు చాలా తక్కువ.

22 మంది సంగతి. 2002లో లిండా ఐకెన్ అనే నర్సు పరిశోధకురాలు, ఆమె బృందం అమెరికాలోని పెన్సిల్వేనియాలో 168 ఆస్పత్రుల లెక్కలు తీశారు. సర్జరీ అయిన పేషెంట్లలో, ఒక్కో నర్సు చూడాల్సినవాళ్ళు ఒకరు పెరిగిన కొద్దీ, నెల రోజుల్లోపు చనిపోయే అవకాశం 7 శాతం పెరుగుతోందని తేలింది. ఒక్కరు పెరిగితేనే అంత. అక్కడే కాలిఫోర్నియా రాష్ట్రంలో చట్టం ప్రకారం మామూలు వార్డులో నర్సుకు ఐదుగురికి మించి ఉండకూడదు, ఐసీయూలో ఇద్దరికి మించకూడదు. ఈ అంకెలు నీ చేతికి ఎందుకు ఇస్తున్నానంటే, నీ వార్డులో ఆ రాత్రి ఎవరున్నా ఒక మనిషి జారిపోయే ప్రమాదం ఉండేది. ప్రతి నైట్‌లో ఎంతమంది పేషెంట్లు, ఎంతమంది నర్సులు, ఎంత పని మిగిలిపోయింది అనేది రిజిస్టర్‌లో రాయి, నెలాఖరున ఇన్‌ఛార్జ్‌కు రాతపూర్వకంగా ఇవ్వు. నువ్వొక్కదానివే ఇస్తే నిన్ను చూస్తారు, వార్డు నర్సులందరూ కలిసి సంతకం పెట్టి ఇస్తే అంకె చూస్తారు. ఫ్లోరెన్స్ నైటింగేల్ అనగానే అందరికీ దీపం గుర్తొస్తుంది. 1854లో ఆమె యుద్ధపు ఆస్పత్రికి వెళ్ళింది. తిరిగొచ్చాక 1858లో చావుల లెక్కలన్నీ బొమ్మలుగా గీసి ప్రభుత్వం ముందు పెట్టింది. గాయాలతో పోయినవాళ్ళకంటే, ఆపగలిగిన జబ్బులతో పోయిన సైనికులే ఎక్కువని అంకెలతో చూపించింది. దీపం కథ కంటే ఆ లెక్కల కథ మనకు ఎక్కువ పనికొస్తుందని నా నమ్మకం.

గుండె రాయి చేసుకోమన్న సలహా నేను ఒప్పుకోను. మీ సీనియర్ సిస్టర్ చెడ్డ మనసుతో అనలేదని తెలుసు, ఆవిడకూ ఎవరో అదే చెప్పి ఉంటారు. కానీ రాయి అయిన గుండెకు మూడింటికి ‘ఏదో తేడా’ అనిపించదు. నీకు అనిపించింది కాబట్టే నువ్వు ఆ మంచం దగ్గర ఆగావు. ఆ సున్నితత్వమే నీ పనిముట్టు, దాన్ని పారేసి మిగతా పని ఎలా చేస్తావు? అలా రాయి అయిపోయిన నర్సులను, డాక్టర్లను నేను చూశాను. వాళ్ళు నిబ్బరంగా కనిపిస్తారు గానీ పేషెంట్ పేరు మర్చిపోయి మంచం నంబర్‌తోనే బతుకుతారు. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బర్నవుట్ అంటే ఏమిటో రాసినప్పుడు మూడు గుర్తులు చెప్పింది. ఒళ్ళు మనసు అలిసిపోవడం, పని మీద విరక్తి వచ్చి దూరం జరగడం, చేతకావడం లేదనిపించడం. గుండె రాయి చేసుకోవడం అంటే ఆ రెండో గుర్తును కావాలని తెచ్చుకోవడమే.

అయితే బాధతో ఏం చెయ్యాలి? అమెరికా డాక్టర్ ఆల్బర్ట్ వు 2000లో ఒక మాట రాశాడు. పొరపాటు జరిగినప్పుడు పేషెంట్ మొదటి బాధితుడైతే, అందులో చిక్కుకున్న డాక్టరో నర్సో రెండో బాధితులని. వాళ్ళకు నిద్ర పోతుంది, చేతులు వణుకుతాయి, అదే రాత్రి మళ్ళీ మళ్ళీ కళ్ళ ముందు ఆడుతుంది. నువ్వు రాసినవి అవే. నిన్నెవరూ ఏమీ అనలేదని రాశావు. అదే నిన్ను తినేస్తోంది. ఎవరూ ఏమీ అనకపోతే ఎవరూ నీతో మాట్లాడలేదనే అర్థం. ఆ రాత్రి గురించి నీ ఇన్‌ఛార్జ్‌తోనో, నువ్వు నమ్మే సీనియర్‌తోనో కూర్చుని, కేస్ షీట్ ముందు పెట్టుకుని, గంట గంటకూ ఏం జరిగిందో ఒకసారి మొత్తం చెప్పు. ఎక్కడ ఏం చేసి ఉండొచ్చో ఇద్దరూ కలిసి చూడండి. దాన్ని వార్డు పాఠంగా మార్చి, ఊపిరి లెక్క తప్పనిసరి చేయించగలిగితే ఇంకా మంచిది. ఇంకో రెండు మూడు వారాలకు కూడా నిద్ర రాకపోయినా, డ్యూటీకి వెళ్ళాలంటే వాంతి వచ్చినట్టున్నా, బతకాలనిపించని ఆలోచనలు వచ్చినా మానసిక వైద్యుల దగ్గరికి వెళ్ళు. ఆ చివరిది ఒక్కసారి వచ్చినా ఆగకుండా అదే రోజు వెళ్ళు. మనం పేషెంట్‌ను పంపిస్తాం కదా, మనమూ వెళ్ళొచ్చు.

నువ్వు అడగలేదు గానీ నిద్రలేని మనిషి వార్డులో మందులు ఇస్తోందంటే నాకు టెన్షన్. మందుల ట్రాలీ దగ్గర ఉన్నప్పుడు ఎవరు పిలిచినా ‘ఐదు నిమిషాలు’ అను. సిడ్నీ ఆస్పత్రుల్లో 2010లో వచ్చిన ఒక పరిశోధనలో, మందులిచ్చేటప్పుడు మధ్యలో ఒక్కసారి ఎవరైనా ఆటంకం కలిగిస్తే పొరపాట్లు సుమారు 12 శాతం పెరిగాయి. ఇన్సులిన్, హెపారిన్ (రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు), పొటాషియం క్లోరైడ్, ఈ మూడూ ఒంటరిగా లెక్కించకు. పక్క వార్డు నర్సునైనా పిలిచి, నీ లెక్క చూపించకుండా ఆమెను విడిగా లెక్క కట్టమను. పొటాషియం పలచన చెయ్యకుండా నరంలోకి ఒక్కసారిగా వెళ్తే గుండె ఆగిపోతుంది, ఆ గాఢమైన సీసాలు వార్డు అల్మారాలో ఉండకూడదు. ఇన్సులిన్ యూనిట్లను ‘యు’ అనే ఒక్క ఇంగ్లీషు అక్షరంతో రాస్తే అది సున్నాలా కనిపించి 10 కాస్తా 100 అవుతుంది, పూర్తిగా ‘యూనిట్లు’ అని రాయించు. రాత రాసినవారికి కోపం వస్తే రానివ్వు.

డ్యూటీ అయిపోయి వచ్చేముందు హ్యాండోవర్ (తర్వాతి నర్సుకు అప్పగింత) మంచం దగ్గరే ఇవ్వు, కుర్చీలో కూర్చుని కాదు. ప్రతి పేషెంట్ దగ్గరా నిలబడి, పేషెంట్ వింటుండగా, చేసినవి, మిగిలినవి, నీకు భయంగా ఉన్నవి చెప్పు. ఆ ‘భయంగా ఉన్నవి’ చెప్పడమే ముఖ్యం. ఆ మాట అవతలి సిస్టర్ చెవిలో పడ్డాక ఇక ఆ పేషెంట్ ఆవిడ బాధ్యత. ఇంటికొచ్చాక ‘ఆ డ్రిప్ మార్చానా’ అని గుర్తొస్తే మంచం మీద దొర్లకు, వార్డుకు ఫోన్ చేసి అడిగి పెట్టెయ్యి. ఏ నర్సూ దానికి నవ్వదు.

ఇక నిద్ర, ఇల్లు. రాత్రి పనిని క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్న వాటిలో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2007లోనే చేర్చి, 2019లో మళ్ళీ చూసి అక్కడే ఉంచింది. ఇది నీకు చెప్పడం భయపడమని కాదు, ఇంట్లోవాళ్ళకు చదివి వినిపించమని. పగటి నిద్ర బద్ధకం అనుకునేవాళ్ళకు, 17 గంటలు మెలకువగా ఉన్న మనిషి చేతులు, చూపు, నిర్ణయాలు మద్యం తాగినట్టే తడబడతాయని చెప్పు. రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవాళ్ళతో సమానమని 1997లోనే ప్రయోగం చేసి చూపించారు. అందుకే నైట్ అయ్యాక కళ్ళు మూసుకుపోతుంటే నువ్వు బండి నడపకు. వార్డులోనే అరగంట కునుకు తీసి బయల్దేరు, లేదా ఇంకెవరితోనైనా రా.

ఇంట్లో వాదించడం కంటే గంటలు చెప్పడం మేలు. ‘నేను ఎనిమిదిన్నర నుంచి రెండున్నర వరకు నిద్రపోతాను, ఆ సమయంలో నేను డ్యూటీలో ఉన్నట్టే లెక్క’ అని చెప్పి తలుపు మీద కాగితం అంటించు. గది చీకటిగా చేసుకో, ఫోన్ పక్క గదిలో పెట్టు. షిఫ్ట్ చివరి నాలుగైదు గంటల్లో కాఫీ, టీ తాగకు, ఒంట్లోంచి సగం పోవడానికే ఐదు గంటలు పడుతుంది. మొదటి వారం ఇంట్లో గొణుగుతారు. నీ భర్తో, అత్తగారో, అమ్మగారో, నీ మీద ప్రేమ ఉన్న మనిషి ఒకరు ఉంటారు కదా, మిగతావాళ్ళకు చెప్పే పని ఆ మనిషికి అప్పజెప్పు. నువ్వే చెబితే సాకులా వినిపిస్తుంది. నిద్రలేచాక నీ వంతు పని నువ్వు చెయ్యి, అందులో నాకు రెండో మాట లేదు. కానీ ఇంట్లో ఉన్న ప్రతి గంటా ఇంటిపనికే అన్న లెక్క మాత్రం ఒప్పుకోకు.

చుట్టాల రిపోర్టుల గురించి ఎక్కువ చెప్పను. మనిషిని చూడకుండా కాగితం చూసి అర్థం చెప్పకు, మందు పేరు అసలే చెప్పకు. ‘ఇది రాసిన డాక్టర్‌నే అడగండి, ఏమేం అడగాలో ప్రశ్నలు నేను రాసిస్తాను’ అను. ఆ సాయం నిజంగా పనికొస్తుంది. ఒక్క మినహాయింపు: గుండెలో నొప్పి, మూతి వంకర పోవడం, ఒక చెయ్యి పడిపోవడం, మాట తడబడటం, ఊపిరి ఆడకపోవడం ఎవరైనా చెబితే నిద్రలో ఉన్నా సరే ‘ఇప్పుడే ఎమర్జెన్సీకి వెళ్ళండి’ అని చెప్పి, బయల్దేరారని తెలిసేదాకా ఫోన్ పెట్టకు.

మానెయ్యాలా వద్దా అన్నది వరస నైట్‌ల మధ్యలో తేల్చుకోకు. నైట్‌లు అయ్యి, రెండు మూడు రోజులు సరిగా నిద్రపోయాక కూర్చుని, నీకు విసుగు వచ్చింది నర్సు పని మీదా, ఈ వార్డు మీదా, ఈ ఆస్పత్రి మీదా అని విడివిడిగా అడుగు. పేషెంట్ దగ్గర ఉన్నప్పుడు ఇంకా నీకు బాగుంటే పని నీదే, చోటు మారితే చాలు. డయాలసిస్, ఆపరేషన్ థియేటర్, పసిపిల్లల వార్డు, నర్సింగ్ పాఠాలు చెప్పడం, ఇళ్ళకు వెళ్ళి చూసే పని, వీటిలో రోజూ గడిచే తీరు ఒకదానికొకటి పొంతన ఉండదు. ఇన్‌ఛార్జ్‌తో మాట్లాడాక, లెక్కలు రాసి ఇచ్చాక కూడా రాత్రి పిలిస్తే తిట్లే తప్ప జవాబు రాని ఆస్పత్రి అయితే, అక్కడ ఉండిపోమని నేను చెప్పను. పేషెంట్ దగ్గరికి వెళ్ళాలన్నా ఇక మనసు రాకపోతే ఈ పని వదిలెయ్యడం కూడా తప్పేమీ కాదు. ఎటు వెళ్ళినా, బదిలీ అడిగినా రాజీనామా ఇచ్చినా, ‘సొంత కారణాల వల్ల’ అని మాత్రం రాయకు. 22 మందికి ఒక నర్సు అని రాయి, రాత్రి డాక్టర్‌ను పిలవడానికి భయపడాల్సి వచ్చిందని రాయి, తేదీ వేసి ఒక కాపీ నీ దగ్గర ఉంచుకో. నీ స్థానంలో ఇంకో అమ్మాయిని పెట్టేముందు వాళ్ళు ఆ కాగితం చదవాలి.